ఉట్నూరు బూడిద దిబ్బ

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్త రాతియుగపు పశువుల దొడ్డి. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. బ్రిటన్‌లో విండ్‌మిల్ హిల్ వంటి మరింత పాత ఆవరణలకు హద్దు కందకమైతే, ఇక్కడ తాటి మొద్దులు నాటిన కంచె. గుంజలు పాతిన గుంతల వరుసను బట్టి దాని ఆకారం తేలింది. లోపల ఆవుల గిట్టల ముద్రలు చెదరకుండా దొరకడం ఈ తవ్వకంలోని అసలు విశేషం. దిబ్బ పశువుల దొడ్డి అనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

పేరుకున్న పేడ పలుమార్లు తగలబడి, గట్టి బూడిద పొరలుగా మారింది. కాలం క్రీ.పూ. 3వ సహస్రాబ్ది. మంట ప్రమాదం కాదు, కావాలని పెట్టిందేనని ఆల్చిన్ వాదన. ఏటేటా జరిగే పశువుల పండుగలతో, అంటే మన సంక్రాంతి, భోగి మంటల వంటి వాటితో దాన్ని పోల్చాడు. ఆ పోలిక ఆకర్షణీయమే గానీ రుజువు కాదు.

ఇటువంటి దిబ్బలు రాక్షసుల చితాభస్మమని పలుచోట్ల కథలున్నాయి. అనంతపురం ప్రాంతంలోని పాలవాయి దిబ్బ కూడా ఇలాంటి బూడిద దిబ్బే. ఆల్చిన్ ‘నియోలిథిక్ క్యాటిల్ కీపర్స్ ఆఫ్ సౌత్ ఇండియా’ పుస్తకం 1963లో వెలువడింది.