తాత ఊరు రుజువు చేయమంటే: రంగం పోయినవాళ్ల పౌరసత్వం

పద్మనాభం పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక్క తేదీ దగ్గరే తగులుతుంది. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ఇక్కడ చనిపోయాడు. రాజు చావుకి తేదీ ఉంది. ఈ ఊరి పక్కనుంచి పోయే గోస్తనీ సముద్రంలో కలిసేది భీమిలి దగ్గర. ఆ రేవులో ఓడెక్కి రంగం పోయిన కూలీలకి మాత్రం తేదీ లేదు. వాళ్లలో మాల మాదిగలు ఎందరో చెప్పే పుస్తకం లేదు. ఇదేదో పండితుల మతిమరుపు అని వదిలేయడానికి లేదు. తాతముత్తాతల్ని బట్టి పౌరసత్వం ఇచ్చే కాలం వచ్చింది. రాయకుండా వదిలేసిన పేరు ఇవాళ మనవల హక్కుని మింగేస్తోంది.

ముందు ఆఫ్రికా సంగతి చూద్దాం. బానిసలుగా అమ్ముడుపోయినవాళ్ల వారసులు తిరిగొచ్చి నివసించే హక్కుకి ఘనా 2000లోనే చట్టంలో చోటిచ్చింది. బెనిన్ 2024లో ఇంకో అడుగు వేసింది. సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా నుంచి బానిసగా తరలించబడిన పూర్వీకుడు ఉన్నట్టు చూపిస్తే పౌరసత్వమే ఇస్తానంది. బానిసల వ్యాపారి ఊరు పేరు రాసుకోలేదని ఆ చట్టానికి తెలుసు. అందుకే కాయితమొక్కటే కాకుండా డీఎన్‌ఏ పరీక్షనీ, ధ్రువీకరించిన నోటి సాక్ష్యాన్నీ రుజువుగా ఒప్పుకుంది.

మన దేశం కూడా రక్తసంబంధం మాట ఎత్తింది. 1999లో పీఐఓ కార్డు, 2005లో ఓసీఐ కార్డు వచ్చాయి. 2015లో రెంటినీ కలిపేశారు. ఓసీఐకి పౌరసత్వమని పేరే గాని ఓటు లేదు, సాగుభూమి కొనే హక్కు లేదు. అయినా రాకపోకలకి, చదువుకి, ఉద్యోగానికి అది పెద్ద ఆసరా. మారిషస్‌లో ఏడో తరం దాకా ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రకటించారు. ట్రినిడాడ్‌లో ఆరో తరం దాకా ఇస్తామని 2025 జూలైలో ప్రధాని మోదీ చెప్పారు. మంచిదే. మరి ఏడో తరం మనిషి ముత్తాతల ఊరు ఎట్లా చూపిస్తాడు?

ఇక్కడే అసలు తేడా ఉంది. మారిషస్‌కీ నాటాల్‌కీ పోయినవాళ్లు గిర్మిట్ కూలీలు. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు కావడంతో తోటల యజమానులు మన మనుషుల మీద పడ్డారు. 1860-1911 మధ్య నాటాల్‌కి 1,52,184 మందిని ఓడల్లో తీసుకుపోయారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. పారిపోతే పట్టుకోడానికి రాసిన చిట్టా అది. మారిషస్ చిట్టాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. కూలీ మెడకి కట్టిన బిళ్ల ఇవాళ మనవడి చేతిలో దస్తావేజు అయింది.

రంగం పోయినవాళ్లకి ఆ బిళ్ల కూడా లేదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. గిర్మిట్ అక్కర్లేదు. మేస్త్రీ పల్లెకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల జనం ఆ అప్పుతో ఓడెక్కేవాళ్లు. లెక్క మేస్త్రీ పుస్తకంలో ఉండేది, సర్కారు పుస్తకంలో కాదు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, వీధులు ఊడ్చిందీ ఎక్కువగా తెలుగోళ్లే. అక్కడ వాళ్లని 'కోరంగీ'లన్నారు. 1930 మే నెలలో కూలి పెంచమని రేవు కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల చోట బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక ఆ కూలీలని తీసేశారు. యజమానుల ఎత్తుకి ఇద్దరు పేదలు తలపడ్డారు, కోరంగీల నెత్తురు కారింది.

1942లో జపాన్ దాడికి లక్షలమంది కాలినడకన వచ్చారు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకోమంది. మన రాజ్యాంగం 8వ అధికరణం కూడా అమ్మానాన్నల్లో, తాతా అవ్వల్లో ఒకరు ఇండియాలో పుట్టి ఉంటే రాయబార కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చంది. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి, రెంటి దగ్గరా దరఖాస్తే తాళంచెవి. చదువు రాని కూలీకి రెండూ మూసినట్టే. 1964 జాతీయీకరణ తర్వాత మళ్లీ లక్షలమంది ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు పేరు ఆ తిరుగు వలసనే గుర్తు చేస్తుంది. అక్కడే ఉండిపోయినవాళ్ల మీద 1982 చట్టం పడింది. పూర్తి పౌరుడు కావాలంటే 1823కి ముందు స్థిరపడ్డ జాతివాడై ఉండాలి. లేదంటే 1948 జనవరి 4కి ముందునుంచి ఉన్నట్టు తిరుగులేని రుజువు చూపాలి. మేస్త్రీ వెంట పోయినవాడి మనవడు ఏం చూపిస్తాడు? ఓసీఐ కావాలన్నా వేరే దేశపు పౌరుడై ఉండాలి. ఏ దేశమూ తనవాడనని మనిషికి ఆ వరసలో చోటే లేదు.

తిరిగొచ్చిన దళితుడికి ఇంకో గండం ఉంది. కులం సర్టిఫికెట్ కోసం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి కుటుంబం శాశ్వత నివాసం ఎక్కడో అడుగుతారు. 1950 ఆగస్టు 10న రంగూన్ రేవులో బస్తా మోస్తున్న మాల మనిషి కొడుకు ఆ గడిలో ఏ ఊరు రాయాలి? అక్కడ కోరంగీ అని వెలి, ఇక్కడ కాయితం లేదని వెలి. అంటరానితనం ఓడెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వెంటే ఉంది, రుజువు మాత్రం దారిలో పోయింది.

వంశం పేరుతో ఇచ్చే హక్కు చివరికి చిట్టాలో పేరున్నవాడికే దక్కుతోంది. పట్టా, కరణం లెక్క, ఇంటిపేరు ఉన్న కులాలకి వంశం నిరూపించుకోవడం తేలిక. మనకి ఆ మూడూ తక్కువ. అందుకే బెనిన్ ఒప్పుకున్నట్టు మన నోటిమాటనీ సాక్ష్యంగా ఒప్పుకోవాలని అడుగుతున్నాం. మారిషస్‌కి ఇచ్చిన సడలింపు బర్మా కూలీల వారసులకీ ఇవ్వాలి, దేశం లేనివాళ్లకి ముందు ఇవ్వాలి.

అడగడంతో సరిపెట్టకూడదు. పద్మనాభం, భీమిలి మండలాల పల్లెల్లో రంగం మాట ఎరిగిన ముసలివాళ్లు ఇంకా ఉంటారు. విద్యార్థులు, టీచర్లు వాళ్ల దగ్గర కూచోవాలి. ఎవరు పోయారు, ఏ మేస్త్రీ తీసుకుపోయాడు, ఏ రేవులో ఎక్కారు, మనియార్డరు ఏ పేరుతో వచ్చేది, పాత ఉత్తరమో ఫోటోనో ఉందా అని అడిగి, తేదీ వేసి, చెప్పినవాళ్ల వేలిముద్రతో రాసి పెట్టాలి. సర్కారు రాయని చిట్టా మనమే రాయాలి.