నంబరేసిన రాళ్లు

అమీర్‌పేటలో ఏ హాస్టల్‌లో చేరినా రిజిస్టర్‌లో ఒక గడి ఉంటుంది: పర్మనెంట్ అడ్రస్. మైత్రీవనం వెనక సందులో మొదటిసారి అది నింపుతూ అలంపూర్ అని రాశాను. నిజానికి మాది కూడవెల్లి. కృష్ణా, తుంగభద్రా కలిసే చోట ఉండేది. అదే రాస్తే ఎక్కడుందని అడుగుతారు. నీళ్ల కింద అని చెప్పాలి.

శ్రీశైలం డ్యామ్‌కి నెహ్రూ 1963లో శంకుస్థాపన చేశారు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ అంకె కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. మావాళ్లు అలంపూర్ చేరారు. మా సంగమేశ్వరుడూ అక్కడికే వచ్చాడు, కాకపోతే మర్యాదగా. చాళుక్యుల నాటి గుడి కదా, రాయి రాయికీ నంబరేసి, విప్పి, తెచ్చి మళ్లీ పేర్చారు. (ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడి టీవీల్లో కనిపించే సంగమేశ్వరం వేరు. అందరూ కలిపేస్తారు.)

"గుడిని పువ్వులెక్క మోసుకపోయిన్రు. మనల్ని మోసుకపోనీకె ఎవరూ రాలే" అనేది మా అవ్వ.

అలంపూర్ చిన్న ఊరు. నవబ్రహ్మ ఆలయాలంటే బ్రహ్మ గుళ్లనుకుంటారు గానీ తొమ్మిదీ శివాలయాలే. ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. నాకు స్వర్గబ్రహ్మ ఇష్టం. వినయాదిత్యుడి కాలంలో కట్టింది. గాలిగోపురాలకు అలవాటైన కళ్లకు ఆ శిఖరం ఒడిశా నుంచి దారి తప్పి వచ్చినట్టు ఉంటుంది. ఆ గోడల ముందు ఎంతసేపు నిలబడ్డా విసుగు రాదు.

జోగులాంబ కూడా నిర్వాసితురాలే. పాత గుడి పడగొట్టాక శతాబ్దాల పాటు బాలబ్రహ్మ ఆలయంలో తలదాచుకుంది. సొంత గుడి మళ్లీ 2005లో గానీ రాలేదు. దానికోసం ఏళ్ల తరబడి పట్టుబట్టిన గడియారం రామకృష్ణశర్మ ఈ ఊరివాడే. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

రిజర్వాయర్ నీళ్లు రాకుండా గుళ్ల పక్కన పెద్ద గోడ కట్టారు. దాంతో నది ఒడ్డునే నిలబడ్డా నది కనపడదు. 2009 అక్టోబర్‌లో వరద ఆ గోడనీ లెక్కచేయలేదు, ఊరు మునిగింది. అవ్వ మాత్రం కంగారు పడలేదు. మూట ఎట్ల కట్టాలో ఆమెకు తెలుసు.

సంగమేశ్వరుడి గుడి నవబ్రహ్మలకు కాస్త దూరంగా ఉంటుంది. అక్కడ ఏ నదులూ కలవవు. పేరు మాత్రం మార్చలేదు.

మొన్న పంజాగుట్టకు రూమ్ మారాను. ఓనర్ మీదేవూరన్నాడు. కూడవెల్లి అన్నాను. స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు.