మందుతో పాటే పుట్టిన మేనియా

కుంగిపోయిన మనిషిని లేపి నిలబెట్టాల్సిన మందు కొందరి విషయంలో అక్కడితో ఆగదు, ఇంకా పైకి తోస్తుంది. నిద్ర తగ్గిపోతుంది, మాటకు అడ్డూ ఆపూ ఉండదు, చేతిలో డబ్బు నిలవదు, తనకు ఎదురే లేదన్న నమ్మకం తలకెక్కుతుంది. దీన్నే మేనియా అంటారు. డిప్రెషన్‌కూ మేనియాకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్ళలో యాంటీడిప్రెసెంట్ మందులు ఈ మార్పు తేగలవని ఇవాళ మానసిక వైద్యులందరికీ తెలుసు. ఈ మందు రాసే ముందు రోగికి బైపోలార్ ఉందేమో చూసుకోవాలన్న హెచ్చరిక అమెరికాలో మందు సమాచార పత్రంలోనే అచ్చవుతుంది. మందు బజారుకు వచ్చిన చాలా ఏళ్ళకు ఈ దుష్ప్రభావం బయటపడి ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి జరిగింది వేరు. ఈ మందులు డిప్రెషన్‌కు పనికొస్తాయని తేలకముందే అవి మనుషులను ఉద్రేకంలోకి నెట్టడం వైద్యులు కళ్ళారా చూశారు. చూసినదాన్ని సరిగా అర్థం చేసుకోవడానికే అరవై ఏళ్ళ దాకా పట్టింది. ఆ ఆలస్యానికి వైద్యుల అశ్రద్ధే కారణమని నేను అనను. ఏళ్ళ తరబడి ఎగుడుదిగుడుగా సాగే జబ్బును ఎదురుగా కనబడే కొన్ని వారాల బాధతో కొలవడమే అసలు కారణమని నా వాదన.

స్విట్జర్లాండ్‌లో కాన్‌స్టెన్స్ సరస్సు ఒడ్డున మ్యూన్‌స్టర్‌లింగెన్ అనే చిన్న ఊరుంది. అక్కడి మానసిక వైద్యశాలలో రోలాండ్ కున్ అనే వైద్యుడు 1950ల మధ్యలో బాజెల్ నగరపు గైగీ కంపెనీ పంపిన కొత్త రసాయనాన్ని పరీక్షించాడు. దానికి అప్పుడు పేరు లేదు, జి 22355 అన్న నంబరే. స్కిజోఫ్రెనియాకు అప్పుడే వాడకంలోకి వచ్చిన క్లోర్‌ప్రోమజీన్‌కు ఇది దగ్గరి చుట్టం కాబట్టి ఇదీ అదే పని చేస్తుందని ఆశించారు. చేయలేదు. పైగా నెమ్మదిగా ఉన్న రోగులు కొందరు రేగిపోయారు. ఒక రోగి రాత్రి దుస్తుల్లోనే సైకిలెక్కి, గొంతెత్తి పాడుకుంటూ పక్క ఊరికి వెళ్ళిపోయాడని గైగీలో పనిచేసినవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. నెమ్మదిగా ఉన్నవాళ్ళను ఇంత పైకి లేపే మందు కుంగిపోయినవాళ్ళను మామూలు స్థితికి తేలేదా అన్న ఆలోచన ఇక్కడే మొలిచింది. 1956 జనవరిలో డిప్రెషన్ రోగులకు ఇవ్వడం మొదలైంది. 1957లో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ మానసిక వైద్య మహాసభలో కున్ ఫలితాలు చదివినప్పుడు విన్నవాళ్ళు మహా అయితే డజను మంది. ఆ రసాయనమే ఇమిప్రమీన్. తర్వాత వచ్చిన ట్రైసైక్లిక్ మందులన్నిటికీ అదే మూలం. మ్యూన్‌స్టర్‌లింగెన్‌లో మందుల పరీక్షలకు లోనైన రోగుల్లో ఎందరినో సమ్మతి అడగలేదని అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చేయించిన పరిశోధన 2019లో తేల్చింది. ఈ కథలో గెలుపును చెప్పుకునేటప్పుడు వాళ్ళను మరవడం అన్యాయం.

అట్లాంటిక్‌కు అవతల రెండో మందు కథా ఇలాగే నడిచింది. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐసోనియాజిడ్, ఇప్రోనియాజిడ్ ఇచ్చారు. చావుకు దగ్గరైనవాళ్ళు లేచి తిరిగారు, ఆకలి పెరిగింది, ఉత్సాహం పట్టలేనంతయింది. వార్డుల్లో రోగులు నాట్యం చేస్తున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. క్షయ వైద్యులకు ఆ ఉత్సాహం ఒక దుష్ప్రభావం. రాక్‌లాండ్ స్టేట్ ఆసుపత్రి మానసిక వైద్యుడు నాథన్ క్లైన్‌కు అదే అసలు ఫలితంగా తోచింది. 1957లో ఆయనా ఆయన సహచరులూ ఇప్రోనియాజిడ్ డిప్రెషన్‌కు పనిచేస్తుందని ప్రకటించారు. అంటే ఒకే ఏడాది రెండు ఖండాల్లో వెలుగు చూసిన ఈ రెండు మందుల దారీ ఒకటే. అతి ఉత్సాహాన్ని చూసే వాటిలో మందు గుణాన్ని పసిగట్టారు.

మరి ఆ అతి ఉత్సాహమే ప్రమాద సూచన అని ఎందుకు అనుకోలేదు? జబ్బుల వర్గీకరణలో దీనికి సమాధానం దొరుకుతుంది. జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ 1899లో డిప్రెషన్‌నూ మేనియానూ ఒకే గొడుగు కిందికి తెచ్చి మానిక్ డిప్రెసివ్ జబ్బు అన్నాడు. రోగి జీవితమంతా చూసి జబ్బును గుర్తించాలన్నది ఆయన చూపు. అది గొప్ప చూపే, కానీ ఆ గొడుగు మరీ పెద్దది. జీవితంలో ఒక్కసారీ మేనియా ఎరగనివాళ్ళూ, రెండు కొసల మధ్య ఊగేవాళ్ళూ అందులో కలిసిపోయారు. వాళ్ళను వేరు చేయాలని కార్ల్ లియోన్‌హార్డ్ తన పుస్తకంలో వాదించింది కూడా 1957లోనే. దానికి బలమైన ఆధారాలు స్విట్జర్లాండ్‌లో యూల్స్ ఆంగ్స్ట్, స్వీడన్‌లో కార్లో పెరిస్ 1966లో చూపారు. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలోకి బైపోలార్ అన్న పేరు ఎక్కేసరికి 1980 వచ్చింది. మందులు ముందు వచ్చాయి, ఎవరికి జాగ్రత్తగా ఇవ్వాలో చెప్పే విభజన వెనక వచ్చింది. పైగా మందుల పరీక్షలు కొన్ని వారాలే సాగేవి. ఆ వారాల్లో డిప్రెషన్ ఎంత తగ్గిందో లెక్కేసేవారు. నాలుగు నెలలకో ఏడాదికో ఆ మనిషి ఏమయ్యాడన్నది ఆ లెక్కలోకి వచ్చేదే కాదు.

చూపు మారడానికి తోడ్పడింది మరో మందు. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో పదిమంది మేనియా రోగులకు లిథియం ఇచ్చి ఫలితం ప్రకటించాడు. డెన్మార్క్‌లో మొగెన్స్ షౌ దాన్ని పట్టుదలగా ముందుకు తీసుకెళ్ళాడు. 1970లో అమెరికా అనుమతి దొరికింది. లిథియం గొప్పతనం ఉన్న జబ్బును తగ్గించడంలో కంటే రాబోయేదాన్ని ఆపడంలో ఎక్కువ. రాబోయేది ఆగిందో లేదో తెలియాలంటే రోగిని ఏళ్ళ తరబడి చూడక తప్పదు. అలా చూడటం మొదలయ్యాకే దాగి ఉన్నవి బయటపడ్డాయి. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో విలియం బన్నీ బృందం 1972లో డిప్రెషన్ నుంచి మేనియాలోకి మారే ఘట్టాన్నే ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. ఏడాదికి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ సార్లు జబ్బు తిరగబెట్టేవాళ్ళకు లిథియం సరిగా పనిచేయడం లేదని 1974లో డన్నర్, ఫీవ్ గమనించారు. అలా వేగంగా తిరిగే చక్రానికి ట్రైసైక్లిక్ మందులే కారణం కావచ్చని 1979లో వేర్, గుడ్విన్ రాశారు. మందు ఇచ్చినప్పుడు చక్రం వేగం పెరగడం, ఆపితే తగ్గడం వాళ్ళు కొద్దిమంది రోగుల్లో చూశారు. మరుసటి ఏడాది రోమ్‌లో అథనాసియోస్ కూకోపులోస్ 434 మంది రోగుల జబ్బు గమనాన్ని ప్రచురించి, చికిత్సే ఆ గమనాన్ని మారుస్తోందని వాదించాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే పని అదే. ఒక పూట రోగిని చూసి రాసిన చీటీలతో అలాంటి పరిశీలన సాధ్యం కాదు, పదేళ్ళ ఓపిక కావాలి.

దీనికి గట్టి అభ్యంతరం వచ్చింది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. బైపోలార్ అంటేనే డిప్రెషన్ తర్వాత మేనియా రావడం కదా, మందు లేకపోయినా అది వచ్చేదే కదా, నింద మందు మీద ఎందుకు? 1982లో లూయిస్, వినొకర్ ఈ ప్రశ్నే లేవనెత్తారు. 1985లో ఆంగ్స్ట్ మరింత దూరం వెళ్ళి 1920 నుంచి 1982 దాకా ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. యాంటీడిప్రెసెంట్లు లేని దశాబ్దాలకూ ఉన్న దశాబ్దాలకూ మేనియాలోకి మారే రేటులో చెప్పుకోదగ్గ పెరుగుదల ఆయనకు కనిపించలేదు. ఇది బలమైన ఆధారమే. ఏ ఒక్క రోగి విషయంలోనూ ఇది మందు వల్లే అని ఘంటాపథంగా చెప్పలేమని అది నేర్పింది. కానీ ఒక ఆసుపత్రికి వచ్చే రోగులు దశాబ్దానికీ దశాబ్దానికీ మారతారు, నిర్ధారణ అలవాట్లూ మారతాయి. ఈ చిక్కును విడదీయాలంటే ఒక మనిషిని అదే మనిషితో పోల్చాలి. స్వీడన్ జాతీయ రికార్డుల ఆధారంగా 2014లో విక్టోరిన్ బృందం ఆ పని చేసింది. యాంటీడిప్రెసెంట్ మొదలుపెట్టిన 3,240 మంది బైపోలార్ రోగుల్లో, మనోస్థితిని నిలకడగా ఉంచే మూడ్ స్టెబిలైజర్ లేకుండా ఆ మందొక్కటే వాడినవాళ్ళకు మేనియా ముప్పు 2.8 రెట్లు పెరిగింది. లిథియం లాంటి మూడ్ స్టెబిలైజర్ తోడున్నవాళ్ళకు ఆ పెరుగుదల లేదు.

ఈ ఫలితాన్ని చేతిలో పెట్టుకుని చూస్తే పాత తగవులు చాలావరకు తీరిపోతాయి. 1994లో పీట్ లెక్కగట్టినప్పుడు బైపోలార్ రోగుల్లో ట్రైసైక్లిక్ మందులతో 11.2 శాతం మందికి మేనియా వచ్చింది. ప్రోజాక్ లాంటి కొత్త తరగతి మందులతో 3.7 శాతం, ఉత్తుత్తి మాత్రతో 4.2 శాతం. కొత్త మందులు నిర్దోషులని దీన్నిబట్టి చాలామంది ధీమాపడ్డారు. 2007లో అమెరికాలో 366 మందితో జరిగిన స్టెప్ బీడీ పరీక్షలో యాంటీడిప్రెసెంట్ వాడినవాళ్ళలో 10.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 10.7 శాతం మేనియా వైపు మారారు. చూశారా, తేడా లేదు అన్నారు. కానీ ఆ 366 మందీ మూడ్ స్టెబిలైజర్ వాడుతూనే ఉన్నారు. కాపలా ఉన్న ఇంటిలో దొంగతనం జరగలేదని చూపి ఊళ్ళో దొంగలే లేరనడం ఎలా ఉంటుందో ఆ వాదన అలా ఉంది. అదే పరీక్షలో పూర్తిగా కోలుకుని నిలదొక్కుకున్నవాళ్ళు యాంటీడిప్రెసెంట్‌తో 23.5 శాతం, అది లేకుండా 27.3 శాతం. కాపలా ఉన్నప్పుడు హాని కనిపించకపోయినా మేలు కూడా కనిపించలేదన్న ఈ సగం గురించి ఎక్కువమంది మాట్లాడరు.

ఇంకో అభ్యంతరం మందు గురించి కాదు, రోగి బాధ గురించి. నా దృష్టిలో దానికే బరువు ఎక్కువ. 146 మంది బైపోలార్ రోగులను సగటున పన్నెండేళ్ళకు పైగా గమనించి జడ్ బృందం 2002లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ కాలంలో దాదాపు 32 శాతం వారాలు డిప్రెషన్‌లో గడిచాయి, మేనియా తరహాలో గడిచినవి 9 శాతమే. మేనియా భయంతో మందు ఆపేసి మనిషిని అంత దీర్ఘకాలం కుంగుబాటుకు వదిలేయడం న్యాయమేనా? కాదు. అందుకే యాంటీడిప్రెసెంట్లను నిషేధించాలని ఎవరూ అనరు, అనకూడదు. అంతర్జాతీయ బైపోలార్ సంఘం 2013లో ఇచ్చిన సలహా కూడా తీవ్ర రకమైన బైపోలార్-1లో ఆ మందును ఒంటరిగా వాడొద్దనే. 2023లో వెలువడిన యాథమ్ బృందం పరీక్షలో కెనడా, దక్షిణ కొరియాతో పాటు మన దేశపు రోగులూ ఉన్నారు. మూడ్ స్టెబిలైజర్ లేదా అలాంటి రక్షణ మందుతో కలిపి యాంటీడిప్రెసెంట్ వాడి కోలుకున్న 177 మందిలో కొందరికి దాన్ని ఎనిమిది వారాలకు ఆపారు, కొందరికి ఏడాది కొనసాగించారు. కొనసాగించినవాళ్ళలో డిప్రెషన్ 17 శాతం మందికే తిరగబెట్టింది, ఆపినవాళ్ళలో 40 శాతం మందికి. మేనియా వైపు మాత్రం లెక్క తిరగబడింది, కొనసాగించినవాళ్ళలో 12 శాతం, ఆపినవాళ్ళలో 6. రెండూ కలిపి చూసిన ప్రధాన ఫలితంలో తేడా గణాంక శాస్త్రం ఒప్పుకునేంత గట్టిగా తేలలేదు. మేలూ కీడూ ఒకే మందులో ఉన్నాయని, వాటిని మనిషి మనిషికీ విడిగా తూచాల్సిందేనని ఇంతకంటే స్పష్టంగా చెప్పే అంకెలు నేను చూడలేదు.

నిర్ధారణ గ్రంథం కూడా ఈ అరవై ఏళ్ళలో మనసు మార్చుకుంది. యాంటీడిప్రెసెంట్ వల్ల వచ్చిన మేనియాను 1994 నాటి అమెరికా గ్రంథం బైపోలార్ కింద లెక్కించొద్దంది. మందు ప్రభావం తీరిపోయాక కూడా ఆ మేనియా నిలిచి ఉంటే దాన్ని బైపోలార్‌గానే గుర్తించాలని 2013 గ్రంథం చెప్పింది. అంటే మందు కలిగించే మార్పు రోగిలో ముందే ఉన్న జబ్బును బయటపెట్టే సాక్ష్యం కూడా కావచ్చని ఒప్పుకున్నట్టే.

మన దేశంలో 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్‌కు గురైన పెద్దవాళ్ళు సుమారు 0.5 శాతం, అంటే రెండువందల మందికి ఒకరు. వాళ్ళలో చాలామంది డాక్టరు ముందుకు మొదటిసారి వచ్చేది డిప్రెషన్‌తోనే, ఎందుకంటే ఉత్సాహంగా ఉన్న రోజుల్లో ఎవరూ ఆసుపత్రికి వెళ్ళరు. కాబట్టి మీరు గానీ మీ ఇంట్లోవాళ్ళు గానీ కుంగుబాటుకు వైద్యం మొదలుపెడుతుంటే, నిద్ర లేకపోయినా అలసట లేకుండా గడిచిన రోజులు, విపరీతంగా ఖర్చుపెట్టిన వారాలు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉన్న సంగతి అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. రోగికి గుర్తులేనిది ఇంట్లోవాళ్ళకు గుర్తుంటుంది, వీలైతే వాళ్ళనూ వెంట తీసుకెళ్ళండి. మందు మొదలైన వారాల్లో నిద్ర తగ్గిపోయి హుషారు మితిమీరుతుంటే వెంటనే డాక్టరును కలవండి. మందును మాత్రం సొంతంగా ఆపొద్దు.