అదనెఱిగిన అంగడి



సేద్యము చేయువారికి అదను అనగా నేమో నేను చెప్పనక్కఱలేదు. నేల పదునుగా నున్నప్పుడు చల్లిన విత్తు మొలచును; పదును తప్పిన పిమ్మట చల్లిన విత్తు ఎంత మేలైనదైనను మట్టిలో కలిసిపోవును. ఈ రహస్యమును గడచిన నూఱేండ్లలో వ్యాపార ప్రకటనలు వ్రాయువారు కూడ నేర్చుకొనిరి. వారు చూచు నేల మన మనస్సు. భయము, సిగ్గు, దుఃఖము, ఆశ, వీనిలో నేదేని ఒకటి మనస్సును మెత్తబఱచిన గడియయే వారికి అదను. ఆ విద్య ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, దానికి లోకము ఏ కట్టుబాట్లు చేసినది అను సంగతులను ఈ పూట మీకు మనవి చేసెదను.

ప్రకటన యన్నంతనే తప్పని నా యభిప్రాయము కాదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనము వ్యాపారమును నెలకొల్పిరి. 1908లో అక్కడినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తలనొప్పితో బాధపడువానికి మందు ఫలాని చోట దొరకునని తెలుపుట ఉపకారమే. సరకు గుణము, వెల, దొరకు చోటు చెప్పునంతవఱకు ప్రకటన ఊరిలో వేయించిన దండోరా వంటిది. కలత పడినవాని కలతను కాచుకొని యుండుట వేఱొక విద్య.

ఆ విద్యకు శాస్త్రమును జోడించినవారిలో జాన్ వాట్సన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. శిశువునకు పుట్టుకతో వచ్చు ఉద్వేగములు భయము, కోపము, ప్రేమ అను మూడే యని ఆయన సిద్ధాంతము. ఏడాది నిండని పసివాని యెదుట తెల్ల ఎలుకను విడిచి, వాడు దానిని ముట్టబోవునప్పుడు వెనుకనుండి ఇనుప కడ్డీపై సుత్తితో కొట్టించి పరీక్షించెను. కొన్ని మారులకే ఆ బిడ్డ, మ్రోత లేకున్నను, ఎలుకను చూచి ఏడ్వసాగెను. ఈ పరీక్షను ఆయనయు, ఆయన సహాయురాలు రోసలీ రేనరును 1920లో ప్రచురించిరి. ఆ సంవత్సరమే వాట్సన్ విశ్వవిద్యాలయమును వీడి, న్యూయార్కులోని జె. వాల్టర్ థాంప్సన్ అను ప్రకటనల సంస్థలో చేరెను. 1924లో దానికి ఉపాధ్యక్షుడయ్యెను. భయమును ఒక వస్తువునకు ముడిపెట్టవచ్చునని చూపిన పండితుడు, నాలుగేండ్లలో సరకులమ్మువారికి పెద్ద సలహాదారైనాడు.

సిగ్గును ఎట్లు పంట పండించిరో వినుడు. లిస్టరిన్ అను ద్రవము 1879లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున తయారైనది. శస్త్రచికిత్సలో గాయములు కుళ్ళకుండ కాపాడు పద్ధతిని నేర్పిన ఆంగ్ల వైద్యుడు జోసెఫ్ లిస్టరు పేర దానికి ఆ పేరు పెట్టిరి. మొదట అది శస్త్రచికిత్సలో శుద్ధి కొఱకు వాడిన మందు. 1920 తరువాతి యేండ్లలో దాని యజమానులు నోటి దుర్వాసనను పోగొట్టునదిగా దానిని ప్రచారము చేసిరి. నోటి వాసనకు 'హాలిటోసిస్' అను, సామాన్యులు వినని వైద్యపు మాటను వెదకి తెచ్చిరి. ప్రకటనలో ఒక పడుచు బొమ్మ యుండును. ఆమె తోటివారందఱికిని పెండ్లిండ్లయినవి. ఆమెకు మాత్రము కాలేదు. కారణమును ప్రాణస్నేహితులు సైతము నోరు విప్పి చెప్పరు. సీసాలోని ద్రవము మారలేదు. చదివినవారి మనస్సులో మాత్రము నిన్న లేని యనుమానము నేడు పుట్టినది. పెండ్లీడు వచ్చిన పిల్ల గల యింట ఇట్టి మాట ఎంత లోతుగా నాటుకొనునో మీకు వేఱుగ చెప్పవలయునా?

ఆశను కూడ వారు విడువలేదు. 1920లో అమెరికా స్త్రీలకు దేశమంతటను ఓటు హక్కు వచ్చినది. స్వాతంత్ర్య మను మాట వారి గుండెలలో అప్పటికింకను వేడిగా నుండెను. స్త్రీలు వీధిలో సిగరెట్టు త్రాగుట నాడు పరువు తక్కువ. వారికి సిగరెట్టులు అమ్మదలచిన అమెరికన్ టొబాకో కంపెనీ పక్షమున ఎడ్వర్డ్ బెర్నేసు అను ప్రచారకుడు ఒక మనోవైద్యుని సలహా నడిగెను. 1929 మార్చి 31వ తేదీ, ఈస్టరు పండుగనాడు, న్యూయార్కు ఐదవ అవెన్యూలో ఊరేగింపు జరుగుచుండగా, అతడు ఏర్పాటు చేసిన యువతులు సిగరెట్టులు వెలిగించి నడచిరి. అవి స్వాతంత్ర్య జ్యోతులని పత్రికలకు ముందే చెప్పియుంచిరి. వెనుక సిగరెట్టుల కంపెనీ ధనమున్నదని చూచినవారికి తెలియదు. పొగాకు వలన ఊపిరితిత్తుల పుట్టకుఱుపు కలుగునని అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక 1964లో వెలువడునాటికి, ఆ జ్యోతుల వెలుగున నడచినవారెందఱో!

ఇక దుఃఖము. 1963లో జెస్సికా మిట్‌ఫర్డ్ అను రచయిత్రి అమెరికాలోని అంత్యక్రియల వ్యాపారమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. శవమును ఇంట నుంచుకొన్నవాడు బేరమాడలేడు; నాలుగు చోట్ల తిరిగి వెల కనుగొనలేడు; తక్కువ వెల శవపేటికను అడిగినచో పోయినవారియందు ప్రేమ లేదని యందురేమోయని జంకును. ఈ జంకే వ్యాపారుల పెట్టుబడి. గ్రంథము చదివి జనులు కలవరపడిరి. తుదకు 1984లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను వారి నిబంధన అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ప్రతి వస్తువునకును, ప్రతి పనికిని విడివిడిగా వెల వ్రాసిన పట్టికను అడిగినవాని చేతి కియ్యవలయును; చట్టము కోరని ఖర్చును చట్టము కోరుచున్నదని చెప్పరాదు.

ఇంతవఱకు చెప్పిన వ్యాపారులు ఊరందఱికిని ఒకే విత్తు చల్లినవారు. ఎవరి మనస్సు ఎప్పుడు మెత్తబడెనో వారికి నిశ్చయముగ తెలియదు. మన కాలమున యంత్రము ఆ కొఱత తీర్చినది. అమెరికాలో టార్గెట్ అను పెద్ద దుకాణముల సంస్థ వాడుకదారుల కొనుగోళ్ళ లెక్కలను గణించి, సుమారు 25 వస్తువుల కొనుగోలును బట్టి ఏ స్త్రీ గర్భవతియో, ఎప్పుడు ప్రసవించునో ఊహించుచుండెనని 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రకటించెను. బిడ్డ పుట్టిన యింట పాత అలవాట్లన్నియు సడలును. ఆ వేళ పట్టిన దుకాణమును వారు చాలకాలము విడువరు. మాకు తెలిసెనన్న సంగతి ఆమెకు తెలియరాదని, పసిబిడ్డల వస్తువుల ప్రకటన ప్రక్కనే గడ్డి కోయు యంత్రపు ప్రకటన నుంచి పంపెడివారట. చేయునది ధర్మమైనచో దాచుట యెందులకు?

2012 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థవారు 6,89,003 మందికి కనబడు వార్తలలో సంతోషపు మాటలనో విచారపు మాటలనో తగ్గించి, వారి మనస్సు ఎట్లు మారునో ఒక వారము పరీక్షించిరి. మార్పు మిక్కిలి స్వల్పమే. కాని ఆ లక్షలమందిలో ఒక్కరినైనను ముందుగా అడిగినవారు లేరు. 2014లో ఫలితము ప్రచురించినప్పుడే లోకమునకు తెలిసినది. 2017 మే నెలలో ఆస్ట్రేలియాలోని ఒక దినపత్రిక ఆ సంస్థ లోపలి పత్రమును బయటపెట్టెను. పడుచువారు తాము పనికిరానివారమని క్రుంగియున్న వేళను తాము కనిపెట్టగలమని ప్రకటనదారులకు చెప్పినట్లు అందులో నుండెను. ఉద్వేగములను బట్టి ప్రకటనలు చూపు సాధనములను తాము ఎవరికిని ఇచ్చుట లేదని సంస్థవారు బదులు చెప్పిరి. వారి మాటనే గ్రహింతము. అయినను క్రుంగిన మనస్సును కొలువగల త్రాసు తయారైనదనుట మాత్రము దాగలేదు.

మన ప్రాంతమునకు ఈ సంగతి దూరము కాదు. కరోనా వ్యాధి వలన పనులు పోయిన 2020లో, కాగితము లేకుండ నిమిషములలో అప్పిత్తుమని చేతిఫోనులలో యాప్‌లు వెలసినవి. ఇంట గింజ లేని వేళ వచ్చిన పిలుపును కాదనువాడెవడు? తీసికొన్న పిమ్మట వడ్డీ మోపై పెరిగినది. ఫోనులోని బంధుమిత్రుల కందఱికిని అవమానపు మాటలు పంపిరి. తెలంగాణములో కొందఱు ప్రాణములు తీసికొనిరి. ఆ డిసెంబరులో హైదరాబాదు పోలీసులు పలువురిని నిర్బంధించిరి.

ఎవరును చేయి పట్టి కొనిపించలేదు గదా, కొన్నవానిదే తప్పుగదా యని కొందఱు వాదింతురు. తెలివి నిలుకడగా నున్నవానిపట్ల ఈ వాదము చెల్లును. నిద్రలో నున్నవాని చేత వ్రేలిముద్ర వేయించినచో ఏ పంచాయతి యైనను ఆ పత్రమును ఒప్పుకొనునా? శోకమును, భయమును అట్టివే. కొంతసేపు మనిషిని తనకు తాను కాకుండ చేయును. ఆ కొంతసేపటిని వెదకి పట్టుకొని బేరము చేయువాడు బలవంతము చేయకున్నను న్యాయము చేసినవాడు కాడు.

అందుచేతనే చట్టములు చేసిన మేలులలో గొప్పది గడువు. ఉద్వేగము పొంగు వంటిది, నిలిచియుండదు. అమెరికాలో ఇంటికి వచ్చి సరకు అమ్మువారి బేరమును మూడు దినములలోపల రద్దు చేసికొనవచ్చునని 1970లలో నిబంధన చేసిరి. మన రిజర్వు బ్యాంకువారు 2022లో యాప్‌ల అప్పులకును ఇట్టి గడువునే విధించిరి. ఆలోపల అసలును, వాడుకొన్న దినముల వడ్డీని చెల్లించి, జరిమానా లేకుండ విడిపించుకొనవచ్చును. భయమును, సిగ్గును ఆధారము చేసికొను మందులకును, తాయెత్తులకును సంబంధించిన ప్రకటనలను కట్టడిచేయు చట్టము మనకు 1954 నుండియు కలదు. లేని తొందరను కల్పించుట, వద్దన్నవానిని సిగ్గుపఱచుట అనువానిని 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము నిషేధించెను. ఆ సంవత్సరమే చేసిన సమాచార రక్షణ చట్టములో, 18 ఏండ్లు నిండని పిల్లల పోకడలను వెంబడించి వారికి గుఱిపెట్టి ప్రకటనలు చూపరాదని వ్రాసిరి.

అయినను చట్టము పట్టణమునుండి పల్లెకు వచ్చుసరికి ప్రొద్దుపోవును. పెద్దలైన మీరు వాకిటనే యున్నారు. చావు జరిగిన యింట ఖర్చులను దుఃఖములో మునిగినవారికి విడువక ఇరుగుపొరుగు పెద్దయొకడు చూచుకొను మర్యాద మన పల్లెలలో నున్నది. దానిని ఫోనునకు కూడ విస్తరింపుడు. ఇంట చావైనను, పెండ్లియైనను, జబ్బైనను, పరీక్ష తప్పిన పిల్లవాడున్నను, ఆ దినములలో వచ్చిన ఏ పిలుపునకును ఒక రాత్రి గడువక బదులియ్యరాదని నియమము పెట్టుడు. మోసపోయినవానిని నలుగురిలో నిందింపక 1915 అను వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయింపుడు; నింద భయముననే పలువురు నోరు మూసికొని మఱింత మునిగిపోవుచున్నారు.

అమ్మువానికి అదను ఎట్లో, కొనువానికి గడువు అట్లు. తెల్లవారిన పిమ్మట కూడ ఆ వస్తువు కావలయుననిపించినచో కొనుడు. అంగడి ఎక్కడికిని పోదు.