తప్పులతో సహా ఆ పాత రోమ్‌నే ఇవ్వండి

రోడ్డు రెండుగా చీలిన చోటికి సంతలో సరుకమ్మే ఆవిడ వస్తుంది. ఎడమకు తిరిగితే వీధంతా ఇళ్లే, అందరికీ తిండి అందుతుంది. కుడివైపు గోదాములు, బంకమట్టి గుంతలు తప్ప నరమానవుడు ఉండడు. ఆవిడ కుడికే తిరుగుతుంది. వెనక్కి వచ్చాక మళ్లీ కుడికే. ఈలోగా ఎడమవైపు మేడలు పెంకుటిళ్లవుతాయి, పెంకుటిళ్లు గుడిసెలవుతాయి, గుడిసెలు గుడారాలవుతాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి పోతారు. పన్నులు పడిపోతాయి, ఖజానా అప్పుల్లో కూరుకుపోతుంది. చివరికి చక్రవర్తి గారే మీ మీదికి సైన్యాన్ని తోలుతాడు. ఇంత ప్రళయమూ ఒక మలుపు దగ్గర ఒక మనిషి పెడదారి పట్టినందుకు. 1998లో వచ్చిన ‘సీజర్ 3’ కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్లలో ఈ దెబ్బ తినని వాళ్లు అరుదు. పాతికేళ్లు దాటాక అదే గేమ్‌ను వెతుక్కుని మరీ కొనుక్కుంటున్న వాళ్లలో చాలామంది ఆవిడ బుద్ధి మార్చమని అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచమంటున్నారు.

పాత ఆటలకు మెరుగులు దిద్ది మళ్లీ అమ్మే వ్యాపారంలో అసలు చిక్కు ఇదే. బొమ్మల మసక తుడవడం తేలిక. ఏది లోపమో, ఏది ఆటకు ప్రాణమో తేల్చడమే కష్టం.

ఆ రోమ్‌ను కట్టిన సంస్థ పేరు ఇంప్రెషన్స్ గేమ్స్. డేవిడ్ లెస్టర్ అనే ఆయన 1989లో ఇంగ్లండ్‌లో మొదలుపెట్టి, తరవాత అమెరికాలోని మసాచుసెట్స్‌కు మకాం మార్చాడు. సైమన్ బ్రాడ్‌బరీ అనే ప్రోగ్రామర్‌తో కలిసి 1992లో మొదటి ‘సీజర్’ తెచ్చాడు. 1989లో విల్ రైట్ చేసిన ‘సిమ్‌సిటీ’ అప్పటికే నగరాలు కట్టే ఆటలకు దారి వేసింది. అయితే సిమ్‌సిటీలో మనుషులు కనబడరు. పటం మీద రంగులు మారతాయి, అంకెలు మారతాయి, అంతే. ‘సీజర్ 3’లో నగరం అంటే వీధుల్లో నడిచే మనుషులే. నిప్పంటుకుంటే బకెట్ పట్టుకుని పరిగెత్తే ప్రిఫెక్ట్, గోడలు కూలకుండా చూసే ఇంజినీరు, వైద్యుడు, పూజారి, పన్నులు వసూలు చేసేవాడు. వీళ్లు ఇంటి ముందు నుంచి నడిచి వెళితేనే ఆ ఇంటికి సేవ అందినట్టు లెక్క. ఆటగాళ్లు వీళ్లను వాకర్లు అంటారు.

వాకర్లలో రెండు జాతులున్నాయి. ఒక జాతికి గమ్యం తెలుసు: సంత నుంచి సరుకు కొనడానికి బయలుదేరే ఆవిడ నేరుగా ధాన్యపు కొట్టుకు వెళ్లి, వెనకాల బుట్టలు మోసే కుర్రాళ్లతో తిరిగొస్తుంది. రెండో జాతికి గమ్యం లేదు. అమ్మే ఆవిడ ఇందులోదే. కూడలి వచ్చిన ప్రతిసారీ పాచిక పడినట్టు ఏదో ఒక వైపు తిరగడం, కొంత దూరం పోయాక ఇంటిదారి పట్టడం, ఇంతే ఆమె వృత్తి. వందలమందికి అడుగడుగునా దారి లెక్కగట్టడం కంటే ఇలా తిప్పడం ఆనాటి ప్రాసెసర్లకు ఎంతో తేలిక. కానీ ఆటగాళ్లు ఆ పాచికను మచ్చిక చేసుకోవడం నేర్చారు. కూడళ్లు లేకుండా ఒకే చుట్టు రోడ్డు వేయడం, కోటగుమ్మం దాటి ఈ తిరుగుబోతులు వెళ్లరు కనుక ఊరి మధ్యలో అనవసరంగా గుమ్మాలు కట్టడం లాంటి కిటుకులు పుట్టాయి. ఏ రోమన్ నగరంలోనూ లేని పట్టణ ప్రణాళిక అది! మరుసటి ఏడాది అదే సంస్థ నైలు నది ఒడ్డున ‘ఫారో’ కట్టినప్పుడు ఈ బాధ గుర్తించి, వాకర్లను ఆపే రోడ్డు అడ్డుగోడను ఆటలోనే పెట్టింది. 2000లో గ్రీకు దేవతలతో ‘జ్యూస్’, 2002లో బ్రేక్అవే సంస్థ చేతుల మీదుగా చైనా నేపథ్యంతో ‘ఎంపరర్’ వచ్చాయి.

తరవాతి కథ కంపెనీల చేతులు మారడం. ఇంప్రెషన్స్‌ను 1995లో సియెరా కొంది. సియెరాను 1996లో సీయూసీ అనే సంస్థ కొంది. అది మరో సంస్థతో కలిసి సెండెంట్ అయ్యాక, సీయూసీ లెక్కల్లో భారీ మోసం 1998లో బయటపడింది. గేముల విభాగం ఫ్రెంచి వాళ్ల చేతికి, వివెండి గూటికి చేరింది. వివెండి 2004లో ఇంప్రెషన్స్‌ను మూసేసింది. 2008లో వివెండి గేమ్స్ యాక్టివిజన్‌లో కలిసింది. 2023 అక్టోబర్‌లో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది. రోమ్ పాలకుల పట్టిక కూడా ఇంత గజిబిజిగా ఉండదు.

హక్కులు ఎవరివైనా, కొత్త కంప్యూటర్‌లో పాత సీడీ ఆడకపోతే చేసేదేముంది? ఒకప్పుడు ఈ బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లే నెత్తిన వేసుకునేవారు. పాత సిమ్‌సిటీలో ఒక తప్పు ఉండేది. వాడి వదిలేసిన మెమరీని మళ్లీ చదివేది. పాత విండోస్‌లో అది చెల్లిపోయింది, విండోస్ 95 పరీక్షల్లో మాత్రం గేమ్ కుప్పకూలడం మొదలైంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు నడుస్తున్నది సిమ్‌సిటీయేనా అని కనిపెట్టి, అయితే మెమరీని వెంటనే వెనక్కి తీసుకోకుండా చూసే కోడ్‌ను విండోస్‌లోనే రాశారు. తప్పు గేమ్‌ది, ప్రాయశ్చిత్తం విండోస్‌ది. సిమ్‌సిటీ విండోస్ రూపం రాసిన జాన్ రాస్ చెప్పిన ఈ సంగతిని జోయల్ స్పోల్‌స్కీ రాశాక ప్రోగ్రామర్లలో పురాణగాథ అయింది. ఇరవై ఏళ్ల తరవాత గాలి మారింది. సీడీలకు కాపీ తాళంగా వాడిన సేఫ్‌డిస్క్ అనే పద్ధతిలో భద్రతా లోపం ఉందని 2015లో విండోస్ దాన్ని నడవనివ్వడం మానేసింది. నిర్ణయం సబబైనదే. కానీ న్యాయంగా డబ్బు పెట్టి కొన్నవాళ్ల సీడీలు ఒక్కసారిగా మూగబోయాయి. దొంగ కాపీలకు ఆ బెడద లేదు. వాటి తాళం ఎప్పుడో పగలగొట్టారు కదా!

దొంగ కాపీల ప్రస్తావన వచ్చింది కనుక, మన ముచ్చట కొంచెం. ఆ రోజుల్లో తెలుగునాట గేములంటే చాలామందికి మార్కర్ పెన్‌తో పేరు రాసిన సీడీలే. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ పక్క కంప్యూటర్ కొనడానికి వెళ్లినవాళ్లకు ఆ సంస్కృతి కొత్తది కాదు. సీడీ దొరికేది, దానితో రావలసిన లావుపాటి పుస్తకం దొరికేది కాదు. కాబట్టి ఇళ్లు ఎందుకు పడిపోతున్నాయో, నెప్ట్యూన్‌కు కోపం ఎందుకొచ్చిందో ఎవరికి వారు చేతులు కాల్చుకుని నేర్చుకోవలసిందే. ఇప్పుడు ఉద్యోగాల్లో కుదురుకున్న ఆ తరం అప్పట్లో అయిదు పైసలు కూడా చెల్లించని గేమ్‌కు ఇన్నేళ్లకు మొదటిసారి డబ్బు కడుతోందంటే, ఆ అవకాశం కల్పించింది కూడా ఇలాంటి వాతావరణంలో పెరిగినవాళ్లే. పోలండ్‌లో 1990లలో దొంగ సీడీలే రాజ్యమేలేవి. ఆ మధ్యలో 1994లో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు కుర్రాళ్లు అసలైన గేములు అమ్మడానికి సీడీ ప్రాజెక్ట్ పెట్టారు. వాళ్లకు అర్థమైందేమిటంటే, దొంగతో చట్టం మాట్లాడి లాభం లేదు, వాడి కంటే మంచి సరుకివ్వాలి. అందుకే 1999లో ‘బాల్డర్స్ గేట్’ను పోలిష్ గొంతులతో, పటాలతో, బరువైన పెట్టెలో పెట్టి అమ్మారు. 2008లో అదే సంస్థ గుడ్ ఓల్డ్ గేమ్స్ దుకాణం తెరిచింది. పొట్టిగా గాగ్. పాత గేములను నేటి విండోస్‌లో నడిచేలా సరిచేసి, ఏ తాళమూ లేకుండా ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఇంప్రెషన్స్ వారి ‘సీజర్ 3’, ‘ఫారో’, ‘జ్యూస్’ అక్కడ దొరుకుతాయి.

నడవడం వేరు, హాయిగా ఆడగలగడం వేరు. 1998 నాటి గేమ్ నేటి వెడల్పాటి తెర మీద సాగదీసినట్టు కనబడుతుంది. ఈ పని పట్టింది కంపెనీలు కాదు, జీతంభత్యం లేని అభిమానులు. ‘జూలియస్’ పేరుతో ‘సీజర్ 3’ను మళ్లీ మొదటి నుంచి రాశారు. అసలు సోర్స్ కోడ్ చేతిలో లేకుండానే, కంప్యూటర్‌కు తప్ప మనిషికి అర్థంకాని ప్రోగ్రామ్ ఫైలును విప్పి, ఒక్కో ముక్క ఏం చేస్తోందో చదివి, అదే పని చేసే కొత్త కోడ్ రాయడం అంటే శాసనం చదివినంత ఓపిక కావాలి. పాత సేవ్ ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయి. పెద్ద తెరలకు, ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా సరిపోతుంది. బొమ్మలు, శబ్దాలు మాత్రం ఇవ్వదు. అసలు గేమ్ కొనుక్కుని అందులోంచి తెచ్చుకోవాలి. కాబట్టి హక్కుదారుకూ నష్టం లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు పెట్టుకున్న నియమం. ఆట తీరులో ఒక్క మార్పూ ఉండకూడదు, పాత బగ్గులతో సహా. సరుకమ్మే ఆవిడ 1998లో ఎలా తిరిగిందో అలాగే తిరగాలి. మార్పులు కావాలన్నవాళ్ల మాటేమిటి? వాళ్లకోసం జూలియస్ నుంచే ‘అగస్టస్’ అనే శాఖ పుట్టింది. అందులో రోడ్డు అడ్డుగోడలున్నాయి, మహా ఆలయాలున్నాయి, ఇంకా బోలెడు చేర్పులున్నాయి. జూలియస్ సీజర్‌కు దత్తపుత్రుడు, వారసుడు అగస్టస్ కదా. పేరు పెట్టినవాళ్లకు చరిత్ర బాగా తెలుసు. మడి కట్టుకున్నవాళ్లకు ఒకటి, సౌకర్యం కోరేవాళ్లకు ఒకటి: వ్యాపారులకు తోచని పరిష్కారం ఇది.

వ్యాపారుల పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే ‘ఫారో: ఎ న్యూ ఎరా’ ఉంది. పారిస్‌లోని డోటెము ప్రచురించగా, ఫ్రాన్స్‌కే చెందిన ట్రిస్కెల్ స్టూడియో తయారుచేసి 2023 ఫిబ్రవరిలో విడుదల చేసింది. బొమ్మలన్నీ మళ్లీ చేత్తో గీశారు. ‘క్లియోపాత్రా’ అనుబంధాన్నీ కలిపారు. సంగీతాన్ని మళ్లీ రికార్డు చేశారు. నైలు పొంగే తీరు, బండల మీద బండలు చేరి పిరమిడ్ లేచే తీరు చూస్తే ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ పనివాళ్లను వెతికే వాకర్ల విషయంలో, యుద్ధాల తీరులో మార్పులు చేశారు. పాత ఆటగాళ్లలో కొందరు అక్కడే పట్టుకున్నారు. బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనబడవచ్చు. పాత పద్ధతిలో గని తెరిస్తే దాని దగ్గరలో కొన్ని గుడిసెలు ఉండాలి, లేకపోతే పనివాళ్లు దొరకరు. దాంతో మీ ఊరి చివర మీరు కోరుకోని ఒక మురికివాడ తప్పనిసరిగా పుడుతుంది. దాన్ని పోషించాలి, దానికి నీళ్లివ్వాలి. చిరాకే. కానీ ఊరికి ఊరి లక్షణం వచ్చేది ఆ చిరాకు వల్లే. దాన్ని తీసేస్తే పటం శుభ్రపడుతుంది, ఆలోచన పలచబడుతుంది. నా ఓటు ఫిర్యాదీలకే.

అన్ని మార్పులూ చెడ్డవని కాదు. ఆస్ట్రియాలో పుట్టి జర్మనీలో పెరిగిన ‘ఆనో’ వరస సంగతి చూడండి. (ఆ వరసలో 1602, 1503, 1701, 1404... ఏ ఏడాది అంకెలు కూడినా 9 వస్తుంది. వాళ్ల సెంటిమెంటు మన సినిమావాళ్లను మించింది.) 2003 ప్రాంతంలో ‘ఆనో 1503’కు పదిమందీ కలిసి ఆడే సదుపాయం ఇస్తామని మాటిచ్చి, ఇవ్వలేకపోయారు. 2020లో యూబీసాఫ్ట్ ‘హిస్టరీ కలెక్షన్’ పేరుతో నాలుగు పాత ఆటలనూ మళ్లీ తెచ్చినప్పుడు ఆ బాకీ తీర్చింది. ఇలాంటి చేర్పును ఎవరూ కాదనలేదు.

చరిత్ర తనంతట తాను దిద్దిన సందర్భం కూడా ఒకటుంది. పేద దేశాల పిల్లలకు చౌక ల్యాప్‌టాప్ ఇవ్వాలన్న పథకం కోసం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒప్పుకోగా, మొదటి సిమ్‌సిటీ సోర్స్ కోడ్ 2008లో అందరికీ తెరిచారు. సిమ్‌సిటీ పేరు ఇవ్వలేదు. విల్ రైట్ మొదట్లో అనుకున్న ‘మైక్రోపోలిస్’ పేరుతోనే వదిలారు. అందులో విమానం కూలే విపత్తును తీసేశారు. 1989లో అది సరదా. 2001 సెప్టెంబర్ 11 తరవాత ఎత్తైన భవనాల మధ్య విమానం కూల్చే మీటను పిల్లల చేతికి ఎవరిస్తారు?

ఇక సైమన్ బ్రాడ్‌బరీ. ‘సీజర్ 3’ తరవాత ఇంప్రెషన్స్ వదిలి, 1999లో ఎరిక్ ఔలెట్‌తో కలిసి ఫైర్‌ఫ్లై పెట్టుకున్నాడు. 2001లో ‘స్ట్రాంగ్‌హోల్డ్’ తెచ్చాడు. కోట, ఆపిల్ తోట, జున్ను, గోడమీద మరుగుతున్న నూనె ఉన్న ఆట అది. ఆ సంస్థను 2021లో డెవాల్వర్ డిజిటల్ కొన్నా, ఆటలు ఫైర్‌ఫ్లై చేతిలోనే ఉన్నాయి. 2023 నవంబర్‌లో ‘స్ట్రాంగ్‌హోల్డ్’ను, 2025 జులైలో ‘స్ట్రాంగ్‌హోల్డ్: క్రుసేడర్’ను పాత కోణం చెడకుండా మళ్లీ గీయించి తామే విడుదల చేసుకున్నారు. ఇంప్రెషన్స్ ఆటలకు అలాంటి పెద్దదిక్కు మిగల్లేదు. ‘జ్యూస్’ ఆడాలనుకునేవాళ్లు నేటికీ 2000 నాటి గేమ్‌నే కొనుక్కుని, వెడల్పాటి తెరకోసం ఎవరో అభిమాని రాసిన ప్యాచ్‌ను వెతికి దింపుకుని అతికించుకోవలసిందే.