బొంబాయి మిల్లుల తల్లులు, భీమవరపు వైద్యుడు

భీమవరము పేరు వినగానే సోమేశ్వరాలయము, వరిచేలు, చేపల చెరువులు మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ ఊర 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషిఫలము నేడు ఆరోగ్య కేంద్రమునకు పోయిన గర్భిణుల చేతిలో ఒక మాత్ర రూపమున పడుచున్నది. అయితే ఈ మాత్ర కథ గోదావరి ఒడ్డున గాక, బొంబాయి బట్టల మిల్లుల వాడలలో మొదలైనది. మేమును అక్కడినుండియే చెప్పెదము.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చెను. మిల్లులలో పనిచేయు బీద స్త్రీలకు గర్భధారణ కాలమున తీవ్రమైన పాండురోగము సోకి, పలువురు ప్రాణములు కోల్పోవుచుండిరి. వారి రక్తకణములు సంఖ్యలో తగ్గి, పరిమాణములో మాత్రము పెరిగి కనబడెడివి. సూక్ష్మజీవి యేదేని కారణమా అని ఆమె వెదకెను, దొరకలేదు. పిమ్మట ఆ స్త్రీలు ఏమి తినుచున్నారో విచారించెను. కూరలు, పండ్లు, పాలు, మాంసము వారికి అరుదు. అట్టి మేతనే కూనూరులో ఎలుకలకు పెట్టి చూచెను. ఎలుకలకు పేలు పట్టుటచే ఆ ఫలితములపై సందేహము కలిగి, కోతులపై మరల పరీక్షించవలసి వచ్చెను. పరిశోధన యనగా ఇట్టి చిక్కులే ఎక్కువ!

తుదకు ఆమెకు దారి చూపినది మార్మైట్ అను చవుక సరకు. సారాయి బట్టీల ఈస్టునుండి తీయు నల్లని ముద్ద. దానిని తినిన గర్భిణులు తేరుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. ఈస్టులోని ఆ గుణము ఏ పదార్థమునదో నాటికి తెలియదు. 1941లో పాలకూరనుండి ఒక ఆమ్లమును వేరుచేసిన అమెరికా శాస్త్రజ్ఞులు, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుబట్టి, దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి.

ఇక సుబ్బారావుగారు. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి, మూడవమారు గట్టెక్కిరి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుల ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్.కు బదులు తక్కువ పట్టముతో బయటపడిరి. వారి సోదరులిరువురు స్ప్రూ అను సంగ్రహణి వ్యాధిచే కొలది దినముల యెడములో మరణించిరి. ఇది కూడ ఫోలిక్ ఆమ్లపు లోపముతో ముడివడిన వ్యాధియే. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయముతో అమెరికా చేరి, హార్వర్డులో పేరు గడించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిరి.

అక్కడ వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. ఆయన యొక్కరే దీనిని కనుగొనిరని మనవారు కొందరు చెప్పుచుందురు. అది సరికాదు, ఆ వ్యాసముపై పదిమందికి పైగా పేర్లు కలవు. పని పంచి, పదిమందిచేత చేయించుటయే వారి ప్రజ్ఞ. టామ్ స్పీస్ అను వైద్యుడు ఆ మందును అలబామాలోను, క్యూబాలోను బీదరోగులకు ఇచ్చి గుణము చూచెను. స్ప్రూ రోగులును అందులో కలరు. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు అమెరికాలోనే కన్నుమూసిరి. మరల స్వదేశము చూడలేదు.

కథ అంతటితో ఆగలేదు. ఏడు దేశములలోని 33 కేంద్రములలో జరిగిన పరీక్ష ఫలితములు 1991లో వెలువడినవి. అంతకుముందు వెన్నెముక లోపముగల శిశువును కనిన తల్లులకు గర్భధారణకు ముందునుండియే రోజునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లమీయగా, ఆ లోపము మరల కలుగుట 72 శాతము తగ్గెను. శిశువు వెన్నునాళము గర్భము నిలిచిన నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి నెల తప్పినదని తల్లికే తెలియకపోవచ్చును. మూడవ నెలలో మొదలిడిన మాత్ర రక్తమునకు మేలుచేయును గాని, ఈ లోపమును ఆపజాలదు.

మన దేశమున గర్భిణులకు ఇనుముతోకూడిన ఫోలిక్ మాత్రలనిచ్చు పథకము 1970లో మొదలైనది. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనులని తేలినది. అందుకు ఇనుపలోపము మొదలు అనేక కారణములు కలవు. డెల్టాలో వరికోత పిమ్మట పండు పెసలు, మినుములు, గట్లపై మొలచు తోటకూర ఈ ఆమ్లమునకు మంచి నిలయములు. కాని అది నీట కరగును, వేడికి చెడును. ఆకుకూరను చాలసేపు ఉడికించి నీరు వార్చి పారబోయు ఇండ్లలో, అందలి ఆమ్లములో చాల భాగము ఆ నీటితోనే పెరటి మొక్కలకు పోవుచున్నది.