మొదటి పంచనామా, మొదటి రిమాండు: ఉగ్రవాద కేసుల్లో న్యాయ యంత్రాంగానికి కావలసిన శిక్షణ

ప్రవేశిక

మంజీర పరీవాహకంలో, నారాయణఖేడ్ ప్రాంతంలో ఉన్న బోరంచ గ్రామం పేరు ఉగ్రవాద కేసుల్లో ఎక్కడా వినపడదు. అయినా ఈ పరిశీలనను అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ జిల్లాలో చేరింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. సరిహద్దులు మారినా చుట్టరికాలు తెగలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ తెలిసినవాళ్లు ఈ ప్రాంతంలో కలిసే బతుకుతున్నారు.

ఇలాంటి చోట ఒక అనుమానితుడు పట్టుబడ్డాడనుకుందాం. అతన్ని ముందు చూసేది ప్రత్యేక దర్యాప్తు సంస్థ అధికారి కాదు, స్థానిక ఎస్సై. పంచనామా మీద సంతకం పెట్టేది ఆ ఊరి పంచులు. ప్రయాణ సమయం తీసేస్తే 24 గంటల్లోగా అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కేసు భవితవ్యం చాలావరకు వీళ్ల చేతుల్లోనే తేలిపోతుంది. శిక్షణ మాత్రం ఎక్కువగా పైమెట్టు మీద ఉన్నవారి గురించే ఆలోచిస్తుంది. కింది మెట్టుకు చేరని శిక్షణ ఉగ్రవాదాన్ని ఎదుర్కోలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. హైదరాబాదు చూసిన రెండు కేసులు దీనికి ఆధారం.

రెండు కేసులు, రెండు ఫలితాలు

2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 ప్రాణాలు పోయాయి. పేలని బాంబు కూడా అక్కడ దొరికింది. ఆ రోజుల్లో నగర పోలీసులు పలువురు ముస్లిం యువకులను పట్టుకున్నారు. వేర్వేరు కుట్ర కేసుల్లో జైలుకు వెళ్లిన వారిలో అనేకులు నిర్దోషులుగా బయటికొచ్చారు. వారిలో కొందరికి రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ చెల్లింపులను కొట్టేసింది. పేలుడు కేసు మాత్రం పోలీసుల నుంచి సీబీఐకి, 2011లో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)కి చేతులు మారింది. దర్యాప్తు దిశే మారిపోయి, హిందూత్వ కార్యకర్త స్వామి అసీమానంద తదితరులు నిందితులయ్యారు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన ఒప్పుకోలును అసీమానంద తరువాత వెనక్కి తీసుకున్నారు. విచారణలో 60 మందికి పైగా సాక్షులు ఎదురు తిరిగారు. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది.

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. ఒక పేలుడు మలక్‌పేట ఠాణా పరిధిలో, రెండోది సరూర్‌నగర్ ఠాణా పరిధిలో జరిగింది. కేసును ఎన్‌ఐఏ తీసుకునేలోపు తొలి ఎఫ్‌ఐఆర్‌లు రాసింది ఈ మామూలు ఠాణాలే. 157 మంది సాక్షులను విచారించాక 2016 డిసెంబరు 13న అయిదుగురిని దోషులుగా తేల్చారు, 19న మరణశిక్ష విధించారు. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది.

రెండు కేసుల పరిస్థితులూ ఒకటి కావు. సాక్ష్యం నిలబడడానికి, నిలబడకపోవడానికి అనేక కారణాలు ఉంటాయి. అయినా ఒక పాఠం స్పష్టం. ఒప్పుకోలు మీద కట్టిన కేసు, ఆ ఒప్పుకోలు జారిపోయిన రోజున కూలిపోతుంది. భౌతిక ఆధారం, సాంకేతిక ఆధారం, స్వతంత్ర సాక్షి ఒకదానికొకటి ఊతమిచ్చినప్పుడే తీర్పు అప్పీలును తట్టుకుంటుంది. గుజరాత్‌లోని అక్షరధామ్ ఆలయంపై దాడి కేసులో 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ విడుదల చేస్తూ, ఉగ్రవాద నిరోధక చట్టం పోటా కింద తీసుకున్న ఒప్పుకోళ్లనూ, ప్రాసిక్యూషన్‌కు యాంత్రికంగా ఇచ్చిన అనుమతినీ తప్పుపట్టింది. ఆ నిందితుల్లో ముగ్గురికి కింది కోర్టులు మరణశిక్ష వేసి ఉన్నాయి.

ఎక్కడ ఏం నేర్పాలి

మొదటి పాఠం ఎస్సైకి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం ఆడియో, వీడియోల్లో రికార్డు కావాలి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలని సెక్షన్ 176(3) చెబుతోంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ దొరికిన నిమిషం నుంచి అది ఎవరి చేతికి, ఎప్పుడు, ఏ సీలుతో వెళ్లిందో రాసి ఉంచడం ఎస్సై చేతి అలవాటుగా మారాలి. ఆ అలవాటు రావాలంటే ఉపన్యాసాలు చాలవు. ఫోన్ చేతికిచ్చి, సీలు వేయించి, ఆ కాగితాలను న్యాయవాది చేత ప్రశ్నింపజేయాలి.

రెండో పాఠం మేజిస్ట్రేటుకు. ఉగ్రవాద నిరోధానికి వాడే ఉపా చట్టంలో చార్జిషీటు గడువు 180 రోజుల దాకా పెరగవచ్చు, బెయిలుకు అడ్డంకులు బలమైనవి. అందువల్ల తొలి రిమాండు బరువు ఎక్కువ. అరెస్టు కారణాలను నిందితునికి రాతపూర్వకంగా ఇవ్వాలని ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మే 15న సుప్రీంకోర్టు చెప్పింది. గడువు పొడిగించే అధికారం ప్రత్యేక న్యాయస్థానానిదేనని బిక్రంజిత్ సింగ్ కేసులో 2020లో తేల్చింది. విచారణ ఏళ్ల తరబడి సాగితే రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని కె.ఎ. నజీబ్ కేసులో 2021లో స్పష్టం చేసింది. ఈ తీర్పులు తాలూకా కోర్టు మేజిస్ట్రేటుకు పుస్తకంలో వెతుక్కోకుండానే గుర్తు రావాలి. ఒప్పుకోలు రాసుకునేటప్పుడు అది స్వచ్ఛందమేనా, ఆ మనిషి ఏ భాషలో చెబుతున్నాడు అనే రెండు ప్రశ్నలు తప్పవు. నారాయణఖేడ్ వంటి చోట కన్నడంలో చెప్పిన మాట తెలుగులో, తెలుగు మాట ఇంగ్లీషులో కాగితమెక్కితే, మధ్యలో జారిన అర్థం ఒక జీవితాన్నే తీసుకెళ్లగలదు.

మూడో పాఠం ప్రాసిక్యూటరుకు, ప్రతివాద న్యాయవాదికి, ఇద్దరికీ కలిపి. సాక్షి ఎదురు తిరగడం వెనుక భయం ఉండవచ్చు, విసుగు ఉండవచ్చు, మొదటి వాంగ్మూలమే అబద్ధం కావచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకాన్ని వాడుకోవడం ప్రాసిక్యూటరుకు రావాలి. లోపమున్న ఆధారాన్ని బయటపెట్టడం ప్రతివాద న్యాయవాదికి రావాలి.

నాలుగోది హింసకు నడిపే భావజాలం గురించి. తెలుగు నేల దీన్ని 1980లో పుట్టిన నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్ ద్వారా దశాబ్దాలపాటు చూసింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆధ్వర్యంలోని పౌర స్పందన వేదిక కృషి తరువాత, 2004 అక్టోబరులో హైదరాబాదు మంజీర అతిథి గృహంలో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. అవి ఫలించలేదు. అయినా, చేతికి ఆయుధం రాకముందు మనసులో చేరిన అన్యాయ భావన గురించి మాట్లాడిన సందర్భం అది. తప్పుడు కేసులో ఏళ్లు గడిపి ఇంటికొచ్చిన యువకుడు, అతన్ని చూసిన తమ్ముడు హింసను బోధించేవాళ్ల దగ్గరికి చేరకుండా చూడడం కూడా న్యాయ యంత్రాంగం పనే. అందుకు మొదటి మెట్టు, అలాంటి కేసు పెట్టకపోవడం.

ఆచరణ మార్గం

ఇందుకు కావలసిన సంస్థలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. సికింద్రాబాదులో రాష్ట్ర జ్యుడిషియల్ అకాడమీ, శివరాంపల్లిలో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ, రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నాయి. 2014లో మాల్టాలో నెలకొల్పిన అంతర్జాతీయ న్యాయ, చట్టబద్ధ పాలన సంస్థ జడ్జీలకూ, ప్రాసిక్యూటర్లకూ, పోలీసులకూ ఇదే విషయంలో శిక్షణ ఇస్తోంది. మన శిక్షణ కూడా శాఖలవారీగా విడిపోకూడదు. ఎస్సై, మేజిస్ట్రేటు, ప్రాసిక్యూటరు, న్యాయవాది, ఫోరెన్సిక్ నిపుణుడు ఒకే కేసు కాగితాలను ఒకే గదిలో చదవాలి. ఆ గది హైదరాబాదులోనే కాక సంగారెడ్డిలోనూ, నారాయణఖేడ్ కోర్టు ఆవరణలోనూ ఉండాలి. పాఠం తెలుగులో సాగాలి, సరిహద్దు భాషల దుబాసీలు కూడా కూర్చోవాలి.

ముగింపు

సరిగా రాయని పంచనామా దోషిని తప్పిస్తుంది, ఆలోచించకుండా ఇచ్చిన రిమాండు నిర్దోషిని బలి చేస్తుంది. బాధితుడికి రెండు విధాలా అన్యాయమే. కాబట్టి శిక్షణకు పెట్టే మొదటి రూపాయి కింది ఠాణాకూ, తాలూకా కోర్టుకూ చేరాలి. మక్కా మసీదులో 9 మందిని చంపిన బాంబు కేసులో ఈనాటికీ ఒక్కరికీ శిక్ష పడలేదు.